కానుకగా నీయదగిన వేటకత్తి

నేటి ప్రసంగమునకు విషయము వేటకత్తి. ఈ మాట వినినంతనే మీలో కొందరు కనుబొమలు ముడివేయుదురు. మన దేశమున 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ శాసనమును, దానికి పిమ్మట జరిగిన సవరణలును కలసి వేటను వినోదముగా సాగనీయక మాన్పించినవి. చేలు పాడుచేయు అడవిపందిని చంపుటకైనను అధికారుల యనుమతి కావలెను. అట్టిచో వేటకత్తిని గూర్చి ప్రసంగ మెందులకని అడుగవచ్చును.

కారణము చెప్పెదను. మన యూళ్లనుండి వెడలిన పిల్లలు నేడు ఎన్నెన్నో దేశములలో నున్నారు. అమెరికాలో స్థిరపడినవారిలో కొందరు, అచ్చటి ఇరుగుపొరుగువారితో కలసి, ప్రతి సంవత్సరము శరత్కాలమున ప్రభుత్వ మిచ్చు అనుమతిపత్రముతో జింకవేటకు పోవుచున్నారు. అది అచ్చట శాస్త్రోక్తముగా, దినములు నిర్ణయించి, ఎన్ని మృగములను కొట్టవచ్చునో లెక్కగట్టి జరుపు పని. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిచిగన్ రాష్ట్రములలో తుపాకివేటకు ముఖ్యమైన దినములు నవంబరు మాసమున వచ్చును. "మనుమనికి ఒక మంచి కత్తిని పంపదలచితిమి. అన్ని పనులకు వచ్చునట్టిది ఏది?" అని గత సంవత్సరము ఇరువురు పెద్దలు నన్ను వేర్వేరుగా అడిగిరి. కత్తిపీట తప్ప వేరొక కత్తిని ముట్టని యింట పుట్టిన బడిపంతులును వారు అట్లడుగుటకు హేతువు లేకపోలేదు. మా యన్నగారి మనుమడు మిన్నెసోటాలో పది సంవత్సరములుగా వేటకు పోవుచున్నాడు. అతడు వ్రాసినదియు, మా యూరి కమ్మరి కొలిమికడ కూర్చుండి నేను చూచినదియు, గ్రంథములలో చదివినదియు కలిపి చెప్పుచున్నాను. వేట ధర్మమా అధర్మమా యను విచారము నేడు చేయబోను. అది వేరొక దినమున చేయవలసినంత పెద్దది.

అమరసింహుడు ఛురికకు చెప్పిన పర్యాయపదములలో అసిపుత్రి యనునది యొకటి. అసి యనగా ఖడ్గము. అసిపుత్రి యనగా ఖడ్గమునకు కూతురు. మన తెలుగున రెండింటిని కత్తి యనియే యందుము గాని, సంస్కృతమున తల్లి వేరు, కూతురు వేరు. కానుక కొనువారు అంగడిలో చేయు పొరపాటు దాదాపు ఎల్లప్పుడును ఒక్కటియే. వారు కూతురును కొనబోయి తల్లిని కొని తెత్తురు. అద్దాలపెట్టెలో పెద్ద కత్తి మెరయును, చిన్నది మెరయదు. ఇచ్చువాడు తన చేతిలో దానిని త్రిప్పి చూచి, "ఆహా, ఇది వేటకత్తి!" అనుకొనును. దానితో పని చేయవలసిన చేయి వేరొకరిదని ఆ క్షణమున మరచును.

మన ప్రబంధకవులు వేటను మిక్కిలి చక్కగా వర్ణించిరి. పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటను, ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యమున తిన్నని వేటను చెప్పిరి. వలలు, కుక్కలు, ఈటెలు, బాణములు, పరుగులు, కేకలు అన్నియు ఇట్టి వర్ణనములలో నుండును. మృగము కూలగానే కవి వేరొక ఘట్టమునకు పోవును. కత్తి పని అచ్చటనే ఆరంభమగును. కావున మనకు వేటను గూర్చి గల తలపులలో ఆ కత్తికి చోటు లేదు. కత్తి యనగా యుద్ధమే తోచును. వేటకత్తి మృగమును చంపుటకు గాదు. చంపుట తుపాకి పని. చంపిన పిమ్మట మాంసము చెడకుండ ఇల్లు చేర్చుటకు కత్తి. ఇది మొదట మనస్సున నాటవలెను.

జింక కూలిన తరువాత వేటగానికి గల వ్యవధి స్వల్పము. ప్రాణము పోయినను దేహములో వేడి నిలిచియుండును. ఆ వేడి త్వరగా పోనిచో మాంసము పాడగును. అందుచే కూలిన చోటనే పొట్టను కోసి, ప్రేవులు మొదలగువానిని వెలికి దీసి, లోపలికి చల్లగాలి తగులునట్లు చేయవలెను. ఇందలి మెలకువ యేమనగా, చర్మమును, దాని క్రింది పలుచని పొరను మాత్రమే కోయవలెను. ఆ వెనుకనే యున్న ప్రేవులకు గాని మూత్రాశయమునకు గాని కత్తిమొన తగులరాదు. తగిలినచో అందలి కల్మషము మాంసముమీద పడును. వేటగాడు ఎడమచేతి రెండు వ్రేళ్లను చర్మము క్రింద చొనిపి, పంగగఱ్ఱవలె విప్పి పైకెత్తి, ఆ రెంటి నడుమ కత్తిని, వాదర ఆకాశమువైపు ఉండునట్లు పట్టి, నెమ్మదిగా నడుపును.

రెండవ పని అంతకన్న కఠినము. గుండెను ఊపిరితిత్తులను తీయవలెనన్న గాలిగొట్టమును ఱొమ్ము లోపలనే, మెడకు దగ్గరగా కోయవలెను. అచ్చటికి చూపు పోదు. రెండు చేతులును మోచేతులదాక లోనికి పోవును. ఒక చేయి గొట్టమును పట్టుకొనును. రెండవ చేయి కత్తితో తడవుకొనుచు పోయి దానిని కోయును. చేతులు నెత్తుటితోను క్రొవ్వుతోను జారుచుండును. నీరు గడ్డకట్టు చలిలో వ్రేళ్లు మొద్దుబారి యుండును. పెక్కుసార్లు అప్పటికి ప్రొద్దు గ్రుంకియే యుండును. ఆ చీకటిలో, ఆ తడిలో, జానెడు అలుగు గల కత్తి చేతనున్నచో తెగునది గాలిగొట్టమా, వాని రెండవ చేతి వ్రేళ్లా?

మా మనుమని స్నేహితు డొకనికి ఈ పనిలోనే ఎడమచేతి చూపుడువ్రేలిని ముడుచు స్నాయువు తెగెను. శస్త్రవైద్యులు దానిని కలిపి కుట్టిరి గాని, ఆ వ్రేలు నేటికిని పూర్తిగా ముడుచుకొనదు. అతడు వృత్తిచే కంప్యూటరుమీద పని చేయువాడు. తొమ్మిది వ్రేళ్లతో నెట్టుకొని వచ్చుచున్నాడు. అతని చేతనున్న కత్తి తొమ్మిదంగుళముల అలుగు గలది, వెన్నుమీద ఱంపపు పండ్లు గలది. అది అతని పెండ్లికి ఎవరో ప్రేమతో ఇచ్చిన కానుక.

ఈ రెండు పనులు గాక చర్మము నొలుచుట, కీళ్లు విడదీసి తొడలను వేరుచేయుట యను పనులు గలవు. చర్మ మొలుచుటకు అలుగునకు కొంత పొట్ట, అనగా వాదర మొనవైపు గుండ్రముగా పైకి తిరుగుట యుండవలెను. కీళ్లను విడదీయుటకు బలము గాక, కీలు ఎచ్చట నున్నదో యెరిగిన మొన కావలెను. కీలెరిగినవానికి గొడ్డలి యక్కరలేదు. ఎరుగనివానికి గొడ్డలి యున్నను ఎముక పెచ్చులు మాంసములో చేరుటయే ఫలము. కావున ఎముకలు నరుకవలెనని బరువైన కత్తిని కొనుట వ్యర్థము.

ఇట్లు పనిని చూచినచో కొలతలు తమంత తామే తేలును. అలుగు మూడున్నర అంగుళములనుండి నాలుగంగుళములు చాలును. మన కొలతలో బెత్తెడున కించుక యెక్కువ. చేత బట్టి చూపుడువ్రేలిని వెన్నుమీద చాచినచో వ్రేలికొన మొనకు దగ్గరగా పోవలెను. చీకటిలో ఆ వ్రేలే కన్ను. ఎల్క్ వంటి పెద్ద మృగములను వేటాడువారికి ఇంకొక యంగుళ మున్న దోషము లేదు. వెన్ను మందము మూడు మిల్లీమీటర్లు మొదలు నాలుగు లోపుగా నుండిన మేలు. అంతకు మించిన మందము ఉలివలె చీల్చునే గాని కత్తివలె కోయదు.

మొన విషయము కొంచెము విస్తరించి చెప్పవలెను, ఏలయనగా చూపునకు అందము నిచ్చునది మొనయే, మోసగించునదియు మొనయే. అమెరికాలో జేమ్స్ బోయీ అనువాడు 1827లో మిసిసిపీ నదిలోని యొక ఇసుకదిబ్బమీద జరిగిన కలహమున పెద్దకత్తితో పోరి పేరుగాంచెను. 1836లో అలమో కోట పోరున మరణించెను. అతని పేర వెలసిన బోయీకత్తికి వెన్ను మొనదగ్గర లోనికి నొక్కుకొని, మొన సూదివలె పైకి లేచియుండును. అది పోరుకత్తి. పొట్ట కోయునపుడు ఆ లేచిన మొన ముందుగా ప్రేవులలో దిగును. దీనికి మారుగా వెన్ను పిడినుండి తిన్నగా వచ్చి, కొసను మెల్లగా క్రిందికి వాలినచో మొన అలుగు నడిమి రేఖకు దగ్గరగా నిలుచును; అది దేనిలోను తనంత దిగబడదు. దీనిని వాలుమొన యందుము. కాలిఫోర్నియాలోని రాబర్ట్ లవ్‌లెస్ అను కత్తులపనివాడు 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ రూపమును వేటగాండ్రలో మిక్కిలి వ్యాపింపజేసెను. అతడు 2010లో కాలధర్మము నొందెను. నేడు అన్ని పనులకు వచ్చు వేటకత్తి యనగా పెక్కురు ఆ రూపమునే తలతురు.

1982లో వచ్చిన రాంబో అను వీరుని చలనచిత్రము వెనుక ఱంపపు వెన్ను, డొల్లపిడి గల కత్తులు అంగళ్ల నిండ వచ్చినవి. పిడిలోపల సూది, దారము, గాలము దాచుకొనవచ్చునని వానికి ఖ్యాతి. డొల్ల చేసిన పిడికి అలుగును గట్టిగా బిగించుట యెట్లో నాకు బోధపడదు. మా కమ్మరికిని బోధపడలేదు.

పెద్దకత్తి లేనిదే అడవిలో బ్రదుకుట యెట్లని సందేహించువారు ఉత్తరదేశములవారిని చూడవలెను. ఫిన్లాండు దేశపు పల్లెవాడు నడుమున వ్రేలాడదీసికొనునది పూక్కో అను చిన్నకత్తి. దాని అలుగు సుమారుగా అరచేయి వెడల్పు. దానితోనే చేప కోయును, చెంచాను చెక్కును, జింకచర్మము నొలుచును. ఆ దేశమున పూక్కోను కానుకగా నిచ్చుట గౌరవచిహ్నము. స్వీడను దేశమున మోరా పట్టణపు పరిసరములలో చేయబడు కత్తులు మరియు సాదావి. చూచిన మన కూరలకత్తికి అన్నదమ్ము లనిపించును. వెల స్వల్పము, అలుగు సుమారు నాలుగంగుళములు. మా మనుమడు తన సొంత డబ్బుతో మొదట కొన్నది అట్టిదే, ఇప్పటికిని వాడుచున్నది అదియే.

ఇక ఉక్కు. ఇనుములో కర్బనము నూటికి అరపాలు మొదలు ఒకటిన్నర పాలుదాక కలసినచో కత్తికి తగిన ఉక్కగును. అంతకు తక్కువైన మెత్తన, వాదర నిలువదు. రెండు పాళ్లు దాటినచో పోతయినుము, దెబ్బకు పగులును. ఈ విద్య మనవారికి క్రొత్త గాదు. తెలంగాణమున నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో ఇనుమును కరగించి ఉక్కుముద్దలు తీసెడివారు. పారసీక వర్తకులు అంతదూరమునుండి వచ్చి వానిని కొనిపోయెడివారు. ఐరోపావారు ఆ ఉక్కును వూట్జ్ అనిరి. ఆ పేరు మన ఉక్కు శబ్దము వంటి దక్షిణదేశపు మాటనుండియే వచ్చెనని పండితుల తలంపు. విద్యుచ్ఛాస్త్రమున ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే కమ్మరి కుమారుడు. అతడు 1819 ప్రాంతమున లండనులో ఈ ఉక్కును పరీక్షించి, అట్టిదానిని తాను చేయజూచెను. ఆ ఉక్కుతో చేసిన అలుగులమీద నీటియలలవంటి రేఖలు తమంత తామే తేలెడివి. డమాస్కస్ కత్తులని లోకమున పేరెక్కినవి అట్టివే.

దీనిని స్వదేశాభిమానముచే మాత్రమే చెప్పుట లేదు. నేడు అంగళ్లలో డమాస్కస్ పేర అలలరేఖల కత్తులు కుప్పలుగా దొరకుచున్నవి. అవి రెండు విధములైన ఉక్కురేకులను పొరలుగా అతికి, సాగగొట్టి, ఆమ్లములో ముంచి రేఖలు తేల్చినవి. మంచి పనివాడు చేసినచో అదియు ఘనమైన విద్యయే, దాని వెలయు ఘనముగానే యుండును. చౌకగా వచ్చువానిలో ఏ యినుము కలదో అమ్మువానికిని తెలియదు. కానుక కొనువారు రేఖలను చూచి మురిసి మోసపోవుట నేను ఎరుగుదును. ఉక్కు పేరును, దాని కాఠిన్యమును వ్రాసి యీయని అలలకత్తిని కొనకుడు.

కర్బనపు ఉక్కు సులభముగా నూరుకొనును, చురుకైన వాదర నిచ్చును, కాని తడి తగిలిన త్రుప్పు పట్టును. నెత్తురులో ఉప్పుండుటచే ఒక్క రాత్రిలో మచ్చలు పడును. 1913లో షెఫీల్డు నగరమున హారీ బ్రెయర్లీ నూటికి సుమారు పదుమూడు పాళ్లు క్రోమియము కలిపి త్రుప్పునకు లొంగని ఉక్కును చేసెను. తొలినాటి ఆ ఉక్కు వాదర నిలుపుటలో అంత గొప్పది కాకపోయినను, నేటివి చాల మెరుగైనవి. నాకు కర్బనపు ఉక్కే ఇష్టము. ఆకు కోయుటకు మా తాతగారు గంటముతోపాటు ఉంచుకొన్న చిన్నకత్తి అట్టిదే. నేటికిని కాగితము కోయును. అయినను కానుకగా నిచ్చునపుడు త్రుప్పుపట్టని ఉక్కునే కొనుడని చెప్పుదును. పుచ్చుకొనువాడు వేటనుండి వచ్చి అలసి నిదురించునో, కత్తిని తుడిచి నిదురించునో మనకు తెలియదు గదా.

ఉక్కు మంచిదైన చాలదు; దానికి పదునుపెట్టిన తీరు మంచిదై యుండవలెను. మా యూరి కమ్మరి పని చేయునపుడు కొలిమిసాలను చీకటిగా నుంచుకొనును. పొదుపునకు గాదు, ఉక్కు రంగు చూచుటకు. ఎఱ్ఱగా కాలిన ఉక్కుకు అయస్కాంతము అంటకుండ పోవు ఘడియ యొకటి గలదు; అది సుమారు 770 డిగ్రీల వేడి. దానికించుక పైన నూనెలో ముంచినచో ఉక్కు గాజువలె గట్టిపడును, గాజువలెనే పెళుసగును. ఆ పెళుసుదనమును విఱుచుటకు మరల మెల్లగా వేడి చేయుదురు. తళతళలాడునట్లు రుద్దిన అలుగుమీద మొదట ఎండుగడ్డి రంగు, పిమ్మట గోధుమరంగు, తరువాత ఊదా, నీలము వచ్చును. కత్తికి ఎండుగడ్డి రంగుననే ఆపవలెను. నీలమునకు పోయిన మెత్తబడి కమానులకు పనికివచ్చును గాని వాదరకు పనికిరాదు. కర్మాగారములలో ఇదియే పని యంత్రములతో జరుగును. ఫలమును రాక్‌వెల్ అను కొలతలో అంకెగా వ్రాయుదురు. వేటకత్తికి 57 మొదలు 60 దాక తగును. అంతకు తక్కువైన మాటిమాటికి నూరవలెను; మిక్కిలి యెక్కువైన అడవిలో రాతిమీద నూరుట దుస్సాధ్యము, ఎముక తగిలిన వాదర పెచ్చులూడును.

మడతకత్తియా, నిలువుకత్తియా యని అడుగుదురు. 1964లో బక్ అను అమెరికా సంస్థవారు అలుగు తెరచిన పిమ్మట బిగిసి నిలుచు మడతకత్తిని తెచ్చిరి. అది జేబున నిముడును, ఎందరో వేటగాండ్రు దానితోనే కాలము గడపిరి. కాని మడతకీలులో నెత్తురు, క్రొవ్వు, వెండ్రుకలు చేరును, కడుగుట కష్టము. ఒక్క కత్తియే యీయదలచినచో నిలువుకత్తి నిండు. అలుగు ఇనుము పిడిలోనికి చివరదాక పోయి యుండవలెను. పిడిచెక్కల నడుమ చుట్టును ఇనుపపట్టీ కనబడినచో సందేహము లేదు. చెక్కకును ఇనుమునకును నడుమ గోరు దూరు సందుండరాదు. అందులో చేరిన నెత్తురు కుళ్లును. వాదర పిడితో కలియు చోట వ్రేలు ముందుకు జారకుండ చిన్న అడ్డు గాని, లోతైన పల్లము గాని యుండి తీరవలెను.

పిడి దేనితో చేసినదను విషయమున ఒక హెచ్చరిక. పూర్వము షెఫీల్డు, అమెరికా కత్తులకు మన సాంబారు జింక యనబడు కణుజు కొమ్ములు పిడులుగా పోయెడివి. తమంత తామే రాలిన కొమ్ములే అయినను నేడు మన శాసనము వాని వ్యాపారమును నిషేధించినది. ఎవడైన "అసలైన కణుజుకొమ్ము పిడి" యని చూపినచో దూరముగా తొలగుడు. ఓడరేవున గాని విమానాశ్రయమున గాని పట్టువడునది పంపిన మీరే. మంచి గట్టికఱ్ఱ చాలును. తడిలో జారని గరుకైన కృత్రిమపదార్థములు ఇంకను మేలు, అవి అందముగా నుండవన్న మాట నిజమే అయినను.

పిడి పరిమాణమే అన్నిటికన్న ముఖ్యము. అది కొనువాని చేతికి గాక వాడువాని చేతికి సరిపోవలెను. ఇది తెలిసికొనుటకు సులభోపాయము గలదు. పుచ్చుకొనువానిని కాగితముమీద కుడిచేయి పరచి, చుట్టును గీత గీసి పంపుమని అడుగుడు. ఏల యని అడిగిన చెప్పనక్కరలేదు. అరచేతి వెడల్పు కంటె పిడి అరయంగుళము పొడవుగా నుండిన చాలును. ఎడమచేతివాటము వాడా యని కూడ తెలిసికొనుడు. ఒరను ఏ ప్రక్క తగిలించుకొనునో దానినిబట్టి యుండును. మనుమరాలికైనచో చేయి చిన్నదని అలుగును గూడ చిన్నది చేయనక్కరలేదు. పిడి సన్నముగా నుండిన చాలును.

ఒర తోలుదైనచో కుట్టుకును వాదరకును నడుమ ఇంకొక తోలుపట్టీ కుట్టబడి యున్నదేమో చూడుడు. లేనిచో ఏడాదిలో వాదర దారమును తెంపి తొడను చేరును. కత్తిని ఒరలో నుంచి తలక్రిందులుగా విదిలింపుడు, జారరాదు. మన తంగేడు బెరడుతో పదునుచేసిన తోలు కుట్టుటకు ఒరకు చాల మంచిది. కాని తోలు ఏదైనను తేమను పీల్చుకొనును గనుక ఇంటికడ కత్తిని ఒరలో నుంచక వేరుగా నుంచవలెను. ఈ మాటను కానుకతో వ్రాసి పంపవలెను, చాలమందికి తెలియదు.

మన యూరి కమ్మరిచేత చేయించి పంపరాదా యని మీలో నొకరైన తలచుచుందురు. పంపవచ్చును, పని తెలిసినవాడు దొరకిన. మన కొడవళ్లకు, కత్తులకు నేడు వాడునది తరచుగా పాత లారీ కమానుకట్టల ఉక్కు. అందు కర్బనము నూటికి సుమారు ఆరు దశాంశములు. కత్తికి చాలును, చక్కగా పదునెక్కును. కాని సంవత్సరములు బరువు మోసిన కమానులో కంటికి కనబడని చీలికలుండును. క్రొత్త పట్టీ తెప్పించి యిండు. అట్టపై అలుగు రూపమును, చేయిగీత పటమును ఇచ్చి, "నూనెలో పదునుపెట్టుము, ఎండుగడ్డి రంగున ఆపుము" అని చెప్పుడు. తెలిసినవాడైన చిరునవ్వు నవ్వును, తెలియనివాడైన, "ఇంత చిన్నదా, దీనితో ఏమి కోయుదురు?" అనును. త్రుప్పుపట్టని ఉక్కును మాత్రము కొలిమిలో చేయింపకుడు. దాని వేడి లెక్కలు వేరు, కంటిరంగుతో కుదురవు.

పంపుటలో రెండు మూడు సంగతులు. మన ఆయుధనిబంధనల పట్టికలో తొమ్మిదంగుళములకు మించిన పొడవు గాని, రెండంగుళములకు మించిన వెడల్పు గాని గల అలుగులు, ఇంటిపనికి సేద్యమునకు ఉద్దేశింపబడనివి, చేరియున్నవి; ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో వానికి అనుమతిపత్రము కావలెను. మనము చెప్పుకొన్న కత్తి ఆ కొలతలకు ఎంతో దిగువ. మీట నొక్కినంతనే ఎగిరి తెరచుకొను కత్తిని అమెరికాకు పంపకుడు. 1958 నాటి వారి శాసనము వాని దిగుమతిని నిషేధించినది. విమానమున పోవువారిచేత పంపునపుడు చేతిసంచిలో ఎంతమాత్రము ఉంచరాదు, బరువు తూచి అప్పగించు పెట్టెలోనే యుంచవలెను. ప్రయాణపు హడావుడిలో సంచి మార్చి పెట్టి విమానాశ్రయమున కత్తిని వదలుకొని పోయినవారు కలరు.

పాశ్చాత్యులలో ఒక నమ్మకము గలదు: కత్తి నిచ్చిన స్నేహము తెగునట. అందుచే పుచ్చుకొన్నవాడు ఒక చిన్న నాణెమును తిరిగి యిచ్చి, కొన్నట్లు చేయును. మీ మనుమడు ఒక సెంటు బిళ్లను పంపినచో ఆశ్చర్యపడకుడు, పారవేయకుడు.

కత్తితోపాటు చిన్న సానరాతిని పంపుడు. ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు గలది చాలును. మొద్దు కత్తికి బలము కావలెను, బలము పెట్టిన చేయి జారును. మీరు పంపుటకు ముందు మా కమ్మరి చేయునట్లు వాదరను దీపపు వెలుతురునకు ఎదురుగా పట్టి మెల్లగా కదలించి చూడుడు. పదునైన వాదర కనబడదు. ఎచ్చటనైన చుక్కవలె మెరసినచో అచ్చట మొద్దు. అది సరిచేయించి, అలుగునకు పలుచగా కొబ్బరినూనె కాక, యంత్రములకు వేయు నూనె రాసి, మొనకు బెండుముక్క గ్రుచ్చి, ఒరను వేరుగా చుట్టి పెట్టెలో నుంచుడు.